సిద్దిపేట... వయా మోకాళ్ళు

కుకునూరుపల్లి దాటాక రోడ్డు కాస్త పైకి లేస్తుంది. కారులో పోయేవాళ్ళకు ఆ సంగతి తెలియనే తెలియదు. లారీ వాళ్ళకు తెలుసు. బస్సు నడిపేవాళ్ళకు ఇంకా బాగా తెలుసు.

“ఆడ ఐదుల నుంచి నాలుగుకు రావాలె. దసరాకు ముప్పై మంది నిలబడి ఉంటే మూడుకు,” అన్నాడాయన, టీ గ్లాసు బల్ల మీద పెట్టి ఎడమచేత్తో గాల్లోనే గేరు మారుస్తూ.

ఆర్టీసీ డ్రైవరు. 51 ఏళ్ళు. సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ నుంచి సిద్దిపేట, కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి మీద 19 ఏళ్ళుగా స్టీరింగ్ తిప్పుతున్నాడు. రెండు వరుసల రోడ్డు నాలుగు వరుసలు కావడం చూశాడు. ఏ కల్వర్టు దగ్గర వానాకాలం నీళ్ళు నిలుస్తాయో, ఏ ఊరి దగ్గర పొద్దుగూకే వేళ బర్రెలు అడ్డం వస్తాయో వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతాడు.

“ఈ రోడ్డు నాకు కండ్లు మూసుకున్నా ఎర్కే అనుకున్న సారు. ఏం ఎర్క లేదు. ఐదు ఫీట్ల పైకెల్లి చూసిన, గంతే.”

పేరు మాత్రం రాయొద్దన్నాడు. కారణం పెద్దదేమీ కాదు. “డిపోల ఏడిపిస్తరు. ఇప్పటికే నేను అస్తుంటే సైకిల్ సర్వీసు అచ్చిందంటున్నరు.” కాబట్టి ఈ కథ పొడుగునా ఆయన డ్రైవరన్నే. కిందటి డిసెంబరులో ఒక ఆదివారం, తాను రోజూ బస్సు నడిపే దారిలోనే, 200 కిలోమీటర్లు సైకిల్ తొక్కి వచ్చిన డ్రైవరన్న.

సైకిల్ ఆయనది కాదు. బిడ్డది. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆ అమ్మాయి కంతుల మీద ఒక హైబ్రిడ్ సైకిల్ కొంది, రెండు నెలలు తొక్కింది, బెంగళూరుకు బదిలీ అయి వెళ్ళిపోయింది. కంతులు తీరేనాటికి సైకిల్ అల్వాల్ ఇంటి బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసుకునే దండెమైంది. నగరంలో ఇలాంటి దండేలు ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే మంచి వార్తే అవుతుంది.

ఈలోగా మెడికల్ పరీక్షలో షుగరు గీత మీదికి వచ్చింది. రోజూ గంటసేపు నడవమంది డాక్టరమ్మ. “డ్రైవర్ను పట్టుకొని నడువుమంటే ఎట్ల మేడమ్?” అన్నాడట ఈయన. నాలుగు రోజులు నడిచాడు. ఐదో రోజు తెల్లవారుజామున తువ్వాళ్ళు తీసి పక్కన పడేసి, సైకిల్‌ను లిఫ్టులో నిలబెట్టి కిందికి దింపాడు.

సైకిల్ ఎక్కి ముప్పై ఏళ్ళయింది. చిన్నప్పుడు కరీంనగర్ దగ్గరి పల్లెలో గంటకు ఆఠాణ కిరాయికి పెద్దల సైకిల్ తెచ్చి, సీటు అందక, ఫ్రేము సందులోంచి కాలు దూర్చి కైంచి తొక్కినవాడే. ఈ సైకిల్‌కు 21 గేర్లు. “నా బస్సుకే ఆరు. గిన్నెందుకు?” అనుకొని, ఉన్నదాంట్లో అన్నిటికంటే బరువైన గేరు వేసి వదిలేశాడు. టాప్ గేర్లో పోతేనే మైలేజీ అన్నది ఆర్టీసీ డ్రైవరు ఒంట్లో ఇంకిపోయిన సూత్రం. డిపోలో ఎవరి కేఎంపీఎల్ ఎంతో, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తీశారో, అందరికీ తెలుస్తుంది. ఈయనది ఎప్పుడూ పై వరుసలోనే.

వారం తిరిగేసరికి మోకాళ్ళు ఉబ్బాయి.

ఆ మోకాళ్ళతోనే ఒక ఆదివారం శామీర్‌పేట చెరువు దాకా పోయి, టీ బండి దగ్గర కూలబడ్డాడు. అక్కడ అప్పటికే పది పన్నెండు మంది సైకిళ్ళు గోడకు ఆనించి నిలబడి ఉన్నారు. ఒంటికి అతుక్కున్న చొక్కాలు, వీపు మీద జేబులు, చెవుల పక్కనుంచి దిగిన హెల్మెట్ పట్టీలు. వాళ్ళలో ఒక అమ్మాయి, గుంటూరు నుంచి వచ్చి హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న పిల్ల, ఈయన సైకిల్ గొలుసు ఏ పళ్ళ చక్రం మీద ఉందో చూసింది.

“అంకుల్, మీరు ఈ గేర్లోనే వచ్చారా? మొత్తం?”

“ఆ.”

“బస్సును టాప్ గేర్లో ఎత్తు ఎక్కిస్తే ఏమవుతుందండీ?” ఆయన ఖాకీ ప్యాంటు ఆమె గమనించినట్టుంది.

“ఇంజన్ గింజుకుంటది.”

“మోకాలూ అంతే అంకుల్.”

చిన్న గేరు వేసి కాళ్ళు వేగంగా తిప్పాలి, నిమిషానికి ఎనభై తొంభై చుట్లు. గుండె, ఊపిరి కాస్త ఎక్కువ పని చేస్తాయి, కీళ్ళు బతుకుతాయి. ఈ సంగతి కోచ్ చెబితే ఆయన చెవికి ఎక్కేది కాదేమో. ఇంజన్ పేరు చెప్పింది కాబట్టి ఎక్కింది.

ఆ తర్వాతి నాలుగు నెలలూ డ్యూటీ చార్టుతో కుస్తీ. నైటౌట్ చేసి వచ్చిన మర్నాడు నిద్ర, ఆ మర్నాడు 30 కిలోమీటర్లు. వీక్లీ ఆఫ్ నాడు 50, తర్వాత 65, తర్వాత 80. నగరం ఆ చివర ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, పైన సోలార్ పలకల నీడ కూడా ఉంది, అక్కడికెందుకు పోలేదని అడిగాను. “గాడికి పోవాలంటే మల్ల బస్సెక్కాలె,” అన్నాడు.

ఇంట్లో మాత్రం యుద్ధం సైకిల్ నిక్కరు మీద. లోపల మెత్త కుట్టిన నిక్కరు అది. దాని కింద ఇంకేమీ వేసుకోకూడదు, లేకపోతే కుట్టు ఒరుసుకొని తొడలు పుండ్లవుతాయి. మొదటిసారి దాన్ని దండెం మీద చూసిన భార్య, “ఇదేంది, పసిపోరలకు కట్టే గుడ్డ లెక్క? ఈ వయసుల ఇవేం ఏషాలు?” అంది. ఆమెకు కోపం నిక్కరు మీద కాదని ఆయనకు తెలుసు. పొద్దంతా రోడ్డు మీదే ఉండే మనిషి, సెలవునాడు కూడా రోడ్డు మీదికే పోతున్నాడని. నాకైతే ఆమె వైపే న్యాయం కనిపించింది. కానీ మొదటి వంద కిలోమీటర్ల నాడు, ప్రజ్ఞాపూర్ దాకా పోయి వస్తానంటే, పొద్దున మూడున్నరకు లేచి సర్వపిండి చేసి ముక్కలు కోసి పొట్లం కట్టింది కూడా ఆమే.

ఆ పొట్లం సంగతి చెప్పాలి. కుర్రాళ్ళు జేబుల్లో పెట్టుకొనే జెల్ గొట్టాలు ఈయనకు పడలేదు. “జండూబామ్ల చక్కెర కలిపినట్టుంటది.” బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కారం వేసి తట్టిన సర్వపిండి అయితే నాలుగు గంటలైనా చెడదు, చెమటకు కాస్త మెత్తబడుతుంది అంతే. ఆకలయ్యాక తింటే ఆలస్యమన్నది గుంటూరు అమ్మాయి నేర్పిన రెండో పాఠం. కండల్లో, కాలేయంలో ఒళ్ళు దాచుకున్న చక్కెర రెండు మూడు గంటల గట్టి శ్రమకే సరి. అది ఖాళీ అయ్యాక కాళ్ళు ఉన్నచోటే ఉండిపోతాయి. ముప్పావుగంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి, దూప కాకముందే తాగాలి. ఆయన దాన్ని తన భాషలోకి మార్చుకున్నాడు: రిజర్వులో పడకముందే డీజిల్ కొట్టాలె.

* * *

సెప్టెంబరులో ఒక ఉదయం అలియాబాద్ దగ్గర వెనకనుంచి టిప్పరు హారన్ కొడుతూ వచ్చింది. కొడుతూనే ఉంది. పెద్ద బండి పక్కనుంచి దూసుకుపోయేటప్పుడు గాలి ముందు మనల్ని అవతలికి నెడుతుంది, మరుక్షణం బండి వైపు లాగుతుంది. స్టీరింగ్ ముందు కూర్చున్నప్పుడు ఆయనకు అది అరచేతుల్లో చిన్న వణుకు. సైకిల్ మీద మాత్రం మనిషిని పట్టి ఊపింది. తారు దాటి కంకరలోకి జారాడు, పడలేదు, కాళ్ళు ఆనించి నిలబడ్డాడు.

అప్పుడు గుర్తొచ్చిందట. 

పన్నెండేళ్ళ కిందట, చలికాలం, మంచు. మొదటి సర్వీసు, ఇరవై నిమిషాలు లేటు. కుకునూరుపల్లి దగ్గర ముందు ఒక ముసలాయన, సైకిల్‌కు రెండు వైపులా పాల క్యాన్లు. ఎదురుగా లారీ వస్తోంది. బ్రేకు మీద వేయాల్సిన కాలు ఆగింది, చెయ్యి హారన్ మీద పడింది. ముసలాయన మట్టిలోకి దిగిపోయాడు. అద్దంలో చూస్తే సైకిల్ పడి ఉంది, ఒక క్యాను దొర్లుతోంది, ఎర్రమట్టి మీద తెల్లగా పారుతోంది. మనిషి మాత్రం లేచి నిలబడ్డాడు.

“ఆపలే సారు. మనిషి లేచిండు గద అనుకున్న. టైమ్ లేదనుకున్న. కండక్టర్ చూడలే, పాసింజర్లు చూడలే. అద్దంల నేనొక్కన్నే చూసిన.”

ఈ మాట చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. తర్వాత చాలాసేపు బ్రేకు షూల గురించి మాట్లాడాడు.

* * *

ఆ డిసెంబరు ఆదివారం ఆయన తొక్కిన లాంటి 200 కిలోమీటర్ల సవారీని బ్రెవే అంటారు. మన దగ్గరి బ్రెవేలు పారిస్‌లోని ఒక పాత క్లబ్బు పెట్టిన పద్ధతిలో నడుస్తాయి. మూలం మాత్రం ఇటలీ. 1897లో కొందరు సైకిలిస్టులు రోమ్ నుంచి నేపుల్స్ దాకా 230 కిలోమీటర్లు పొద్దు గుంకేలోగా పోవాలని బయల్దేరారు; సాహసి అనే అర్థమున్న లాటిన్ మాటతో అలాంటివాళ్ళను ఆడాక్స్ అన్నారు. ఆ పేరు ఫ్రాన్స్‌కు వచ్చింది, 1904లో పారిస్‌లో ఆడాక్స్ క్లబ్బు పుట్టింది. 1921 నుంచి ఆ క్లబ్బు, గుంపుగా కాకుండా ఎవరి వేగాన వాళ్ళు పోయే ఈ పద్ధతిని నడుపుతోంది. ఇది పందెం కాదు. మొదటివాడు లేడు, చివరివాడు లేడు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు; 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. దారిలో కంట్రోళ్ళుంటాయి, అక్కడ కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. కంట్రోళ్ళ దగ్గర తప్ప బయటివాళ్ళ సాయం తీసుకోకూడదు. వెనక కారు రాకూడదు. టైరు పంక్చరైతే నువ్వే వేసుకోవాలి. తోటి సైకిలిస్టు ఆగి చెయ్యి కలిపితే తప్పులేదు.

డ్రైవరన్నకు ఇందులో నచ్చింది ఒక్కటే. “రన్నింగ్ టైమ్ ఇచ్చిండ్రు. స్టేజీలున్నయి. ముద్ర ఉన్నది. మన సర్వీసు లెక్కనే.”

ఆదివారం పొద్దున ఆరు. సికింద్రాబాద్ పరేడ్ మైదానం దగ్గర చీకటి, చలి. నలభై మంది దాకా ఉన్నారు. వాలంటీర్లు ఒక్కో సైకిల్‌కూ ముందు లైటు, వెనక ఎర్రలైటు, బ్రేకులు చూసి, మెరిసే జాకెట్, హెల్మెట్ ఉన్నాయో లేదో చూసి కార్డు చేతికిచ్చారు. సిద్దిపేట కోమటి చెరువు దాకా పోయి వెనక్కి. డ్రైవరన్న హ్యాండిల్‌కు కుడిపక్కన గుండ్రటి అద్దం ఉంది. ఆ గుంపులో అద్దం ఉన్న సైకిల్ అదొక్కటే. ఒకరిద్దరు నవ్వారు. “స్కూటర్ది పీకావా అంకుల్?”

అల్వాల్, బొల్లారం, హకీంపేట. ఇంకా దుకాణాలు తెరవలేదు. తూంకుంట దాటేసరికి ఈయన, గుంటూరు అమ్మాయితో కలిపి ఆరుగురు ఒక వరుసలో పడ్డారు, ముందు చక్రం వెనక చక్రానికి మూరెడు దూరంలో. ముందువాడు గాలిని చీలుస్తాడు, వెనకవాళ్ళకు శ్రమ తగ్గుతుంది, నాలుగో వంతుకు పైనే. రెండేసి కిలోమీటర్లకు ముందువాడు పక్కకు తప్పుకొని తోకకు వస్తాడు. మూరెడు దూరం! బస్సుకు బస్సుకు మధ్య ఎంత ఎడం ఉంచాలో కొత్త డ్రైవర్లకు నేర్పిన మనిషి ఈయన. మొదటి అరగంట రెండు చేతులూ బ్రేకుల మీదే. ముందువాడు వేలితో కిందికి చూపిస్తే గుంత, చెయ్యి వెనక్కి పెట్టి ఊపితే పక్కకు జరగాలి. ఆ సైగలు నేర్చుకునేలోపు ఆయనకే ఒక పని దొరికింది.

“లారీ. లోడు లేదు. తొందర మీదున్నడు, ఎడమకు రాండ్రి.”

అద్దంలో అప్పటికింకా ఏమీ లేదు. చప్పుడే. ఖాళీ లారీ తొట్టి గలగలలాడుతుంది, లోడు బండి టైర్లు బుసకొడతాయి. కారు ముందు టైర్ల చప్పుడు, తర్వాత ఇంజన్ చప్పుడు. బస్సయితే ఇంకా చెప్పక్కర్లేదు, ఎయిర్ బ్రేకు ఉస్సుమన్న తీరును బట్టి ఏ డిపో బండో కూడా చెబుతాడు. శామీర్‌పేట చేరేసరికి మిగతా ఐదుగురూ ఆయన్ను వరుసలో చివరనే ఉంచుకున్నారు. కుర్రాళ్ళకు అంకుల్ కాస్తా అన్న అయ్యాడు. నవ్విన కుర్రాడు అద్దం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

తుర్కపల్లి దాటేసరికి ఎండ వచ్చింది. వంటిమామిడి కూరగాయల మార్కెట్ ముందు ట్రాలీ ఆటోలు, టమాటా పెట్టెలు, తొక్కుడు పడ్డ కొత్తిమీర వాసన. 19 ఏళ్ళుగా అక్కడ బస్సు ఆపుతున్నాడు, ఆ వాసన ఆయనకు ఇదే మొదటిసారి. బస్సులో డీజిల్ వాసనే దానికంటే ముందు తగులుతుంది. ఆ పైన రోడ్డు పక్కన వడ్లు ఆరబోశారు, వరుసగా రాళ్ళు పేర్చి. సైకిళ్ళు పోవాల్సిన అంచంతా వడ్లే. కుర్రాళ్ళు విసుక్కున్నారు. ఈయన మాత్రం రైతు బిడ్డ. వడ్ల మీద చక్రం పోనివ్వకుండా లారీలకు దగ్గరగానే పోయాడు.

కుకునూరుపల్లిలో పదింటికి టీకి ఆగారు. మిగతావాళ్ళు సీసాల్లో నీళ్ళు నింపుకొంటుంటే హోటలాయన్ను అడిగాడు: “పెద్దాయనొకాయన ఉండె, సైకిల్ మీద పాలు తెచ్చేటాయన. మస్తు ఏండ్లయింది.”

“సైకిల్ మీద ఎవరు తెస్తరన్నా ఇప్పుడు? ఆటోలు అస్తయి. ఏ పెద్దాయన?”

పేరు తెలియదు, మొహం కూడా సరిగా తెలియదు. అద్దంలో చూసిందే. “ఏం లేదు,” అని టీ డబ్బులిచ్చి వచ్చేశాడు.

కోమటి చెరువు కట్ట మీదికి వచ్చేసరికి పదకొండూ ముప్పై అయిదు. వంద కిలోమీటర్ల కంట్రోలు మూసేది పన్నెండూ నలభైకి. కార్డు మీద ముద్ర పడింది. ఆదివారం జనం, చెరువులో పడవలు, ఊయల వంతెన మీద ఫొటోలు దిగుతున్న కుటుంబాలు. ఆరుగురూ మెట్ల మీద కూర్చొని పెరుగన్నం తిన్నారు, సర్వపిండి పంచుకున్నారు. జెల్ గొట్టాలు ఎవరూ బయటికి తీయలేదు.

* * *

పోయేటప్పటి ఉత్సాహాన్ని గురించి ఎవరైనా రాస్తారు. ఇలాంటి దారి అసలు కథ తిరుగు ప్రయాణంలోనే ఉంటుంది.

దుద్దెడ దాటిన కాసేపటికి వెనక చక్రం మెత్తబడింది. ఐదుగురిని పొమ్మన్నాడు. నలుగురు వెళ్ళారు, గుంటూరు అమ్మాయి ఆగింది. చక్రం విప్పి, పాత ట్యూబు లాగి, కొత్తది వేసి, చేతిపంపుతో రెండు వందల సార్లు కొట్టి, ఎక్కాడు. అర కిలోమీటరు పోలేదు, మళ్ళీ దిగిపోయింది.

“అంకుల్, ట్యూబ్ మార్చేముందు టైరు లోపల వేలు పెట్టి చూశారా?”

చూడలేదు. పంక్చరైతే డిపోలో టైరు సెక్షన్ చూసుకుంటుంది. ఈయన పని ఫోన్ చేయడం వరకే. ఇప్పుడు రోడ్డు పక్కన ఎండలో కూర్చొని, టైరును బొటనవేళ్ళతో తిరగేసి, లోపలి గోడ వెంబడి చూపుడువేలు మెల్లగా పోనిచ్చాడు. మూడు వంతులు తిరిగాక చురుక్కుమంది. కంటికి కనిపించడం లేదు. వెలుగుకు పట్టి, రబ్బరును మడిచి నొక్కితే బయటపడింది: కనురెప్ప వెంట్రుకంత ఉక్కు తీగ. గోళ్ళు కత్తిరించుకునే కట్టర్‌తో పట్టి లాగాడు.

అదెక్కడిదో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. లారీల, బస్సుల టైర్లలో ఉక్కు తీగల అల్లిక ఉంటుంది. టైరు పగిలినప్పుడు, పైపట్టా ఊడినప్పుడు నల్లటి పేలికలు రోడ్డు పొడుగునా పడతాయి. వాటి రబ్బరు ఎండకు చివికిపోతుంది, తీగలు తునకలై తారు అంచుకు చేరతాయి. సైకిళ్ళు పోయేది ఆ అంచునే. “గా టైరు పేలికల మీదికెల్లి ఎన్ని వేల సార్లు ఎక్కిచ్చిన్నో. చప్పుడు గూడ రాదు బస్సుల.”

తీగను అగ్గిపెట్టెలో వేసి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే నవ్వాడు. చిల్లు పడ్డ ట్యూబులకు పట్టీ అంటించి లేచేసరికి నలభై నిమిషాలు పోయాయి.

ప్రజ్ఞాపూర్ మూడున్నరకు. అక్కడ ఆ అమ్మాయిని బలవంతంగా ముందుకు పంపాడు. “నువ్వు పో బిడ్డా. నా రన్నింగ్ టైమ్ నాకున్నది, నీది నీకున్నది.” ఆమె తన దగ్గరున్న ఓఆర్ఎస్ పొట్లం ఆయన సీసాలో కలిపి, వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది.

తర్వాతి 21 కిలోమీటర్ల గురించి ఆయన పెద్దగా చెప్పలేదు. అప్‌లన్నీ, అంటే రోడ్డు పైకి లేచే చోట్లన్నీ, గుర్తుకొచ్చాయట. బస్సులో లెక్కలోకి రానివి, అసలు అప్ అని పేరు కూడా పెట్టనివి, ఒక్కొక్కటే వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాయి. తుర్కపల్లి దగ్గర ఎడమ పిక్క పట్టేసింది. సైకిల్‌ను పడుకోబెట్టి కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. నాలుగూ యాభై. ఇంకా 37 కిలోమీటర్లు. గడువు ఏడున్నర. కాలు చాపితే పిక్కలో గడ్డ కదులుతోంది, కళ్ళకు కనిపించేలా.

పావుగంటయ్యాక ఎయిర్ బ్రేకు ఉస్సుమంది. తలెత్తకుండానే తెలిసింది.

“డ్రైవరన్నా! నువ్వేనానే?” కిటికీలోంచి కండక్టరమ్మ. ఆయనతో రెండేళ్ళు డ్యూటీ చేసిన మనిషి. బస్సు కిక్కిరిసి ఉంది, ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణపు మహాలక్ష్మి పథకం వచ్చినప్పటినుంచి ఆదివారం సాయంత్రాలు అంతే. ఒక ముసలవ్వ తల బయటపెట్టి, “పడ్డవా కొడుకా?” అంది.

స్టీరింగ్ మీదున్న కుర్ర డ్రైవరు దిగొచ్చాడు. “ఎక్కన్నా. సైకిల్ ఎనుక డిక్కీల పెడదాం. ముప్పావుగంటల అల్వాల్ల దింపుత.”

ఇక్కడ ఆయన కాసేపు ఆగి, చెవి గోక్కొని, నిజం చెప్పాడు. ఎక్కుదామనుకున్నాడు. లేచి నిలబడ్డాడు కూడా. సైకిల్‌ను లేపి పట్టుకున్నాడు. కుర్ర డ్రైవరు డిక్కీ తలుపు తీశాడు. అప్పుడు ఆ చిన్న గుండ్రటి అద్దంలో బస్సు ముందు అద్దాలు, బోర్డు, వెనక వరుసగా ఆగిన బండ్లు కనిపించాయి.

“వద్దు తమ్మీ. నా ఎండ్ స్టేజీ రాలే ఇంకా.”

“అయితే మెల్లగ ముందట నడిపిస్త, నా ఎనుకనే పట్టు. గాలి తగలదు.”

“నీ సర్వీసు లేటయితది, నా కార్డు క్యాన్సిలయితది. పో ఇగ.”

బస్సు కదిలింది. “సెకండ్ల తీసిండు బండిని. అప్ మీద ఫస్ట్ల తియ్యాలె గద!” ఆ కోపంలోనే పెడల్ మీద కాలు వేశానంటాడు. నేను నమ్ముతున్నాను. మనిషిని లేపడానికి పెద్ద పెద్ద కారణాలు అక్కర్లేదు.

శామీర్‌పేటలో పొద్దు గుంకింది. బొల్లారం, అల్వాల్ ట్రాఫిక్‌లో ఎర్రలైట్ల దగ్గర కాలు కింద పెట్టినప్పుడల్లా పిక్క మళ్ళీ పట్టేస్తుందేమోనని భయం. అల్వాల్లో తన ఇంటి సందు ముందు నుంచే పోయాడు, అటు చూడలేదు. పరేడ్ మైదానం దగ్గర కార్డు మీద చివరి ముద్ర పడేసరికి ఏడూ ఇరవై ఒకటి. తొమ్మిది నిమిషాలు మిగిలాయి.

గుంటూరు అమ్మాయి ఇంకా అక్కడే ఉంది, ఉప్మా ప్లేటు పట్టుకొని. కార్డు తీసుకున్న వాలంటీరు, ఈ ఫలితాలు పారిస్‌కు పోతాయనీ, అక్కడినుంచి ఆయన పేరు మీద ఒక నంబరు వస్తుందనీ వివరించాడు. డ్రైవరన్న తల ఊపి, ఉప్మాలో పచ్చిమిర్చి ఏరి పక్కన పెట్టి తిన్నాడు. తర్వాత మళ్ళీ సైకిల్ ఎక్కి అల్వాల్ పోయాడు, ఇంకెలా పోతాడు.

మర్నాడు మొదటి సర్వీసు. నాలుగింటికి లేచి చూస్తే వెనక చక్రం నేలకు అంటుకుపోయి ఉంది. భార్య ఫోన్ లైటు పట్టుకుంది, ఆయన టైరు లోపల వేలు పోనిచ్చాడు. ఇంకో తీగ. దాన్నీ అగ్గిపెట్టెలో వేసి, ఖాకీ చొక్కా తొడుక్కొని డ్యూటీకి పోయాడు.

ఆ పొద్దున కుకునూరుపల్లి దాటాక క్లచ్ తొక్కి ఐదుల నుంచి నాలుగుకు వేస్తుంటే ఎడమ మోకాలు కలుక్కుమంది. “అమ్మా,” అన్నాడు పైకే.

“ఏమైందన్నా?” అన్నాడు కండక్టరు.

“ఏం లేదు. అప్ అచ్చింది.”

కండక్టరు టికెట్ మిషన్ ఒళ్ళో పెట్టుకొని, వంగి, ముందు అద్దంలోంచి రోడ్డు వైపు చూశాడు.

“ఏడున్నదన్నా అప్?”